తేడాగా మోగినచో

పదిహేడో నంబరు పని కార్డు, మూడో పేరా:
"రెక్కను నాణెంతో తట్టి చూడవలెను.
మోత తేడాగా ఉన్నచో తగిన చర్య తీసుకొనవలెను."
కార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది.
పన్నెండేళ్ళుగా దాన్ని లోపల తెలుగులో చదువుకుంటున్నాను.
ఎందులో చదివినా అర్థం అక్కడిదాకా వచ్చి ఆగుతుంది.

మధురపూడి హేంగరు. తెల్లవారుజామున మూడున్నర.
కోరుకొండ వైపు నుంచి వాన వచ్చి పోయింది,
రేకుల మీంచి ఇంకా చుక్కలు.
ట్యూబులైటు చుట్టూ ఉసుళ్ళు.
రెక్క మీద రాలిన వాటి రెక్కల్ని ఊదేసి
పని మొదలుపెట్టాలి.
ఆరింటికి ఈ హెలికాప్టరు సముద్రం మీది రిగ్గు దగ్గర
తొమ్మిదిమందిని దింపి తొమ్మిదిమందిని తేవాలి.

తేడా అంటే ఏమిటి?
మా వైపు పులుసు పాడైనా తేడానే,
మనిషి చూపు మారినా తేడానే,
లెక్కలో పావలా తగ్గినా తేడానే.
దేనికి తేడా? పక్క రెక్కకా, నిన్నటి మోతకా,
ఈ రెక్క కొత్తగా పెట్టె విప్పిన రోజు
ఎవరూ విని దాచుకోని మోతకా?
తగిన చర్య ఇంకో వింత.
మా అమ్మ కూరలో ఉప్పు తగినంత వేస్తుంది,
ఎక్కువైతే ఓ బంగాళాదుంప పడేస్తుంది.
నీళ్ళ మీద మూడువేల అడుగుల ఎత్తులో
బంగాళాదుంప ఎక్కడ పడేయను?

మా తాత, అబ్బులు మేస్త్రి, తాళ్ళరేవులో పడవలు కట్టేవాడు.
పలకకి చెవి ఆనించి సుత్తితో ఒక్కటి వేసి
"ఇది నీళ్ళు తాగింది, తియ్యి" అనేవాడు.
ఎలా తెలిసిందంటే కోప్పడేవాడు: "ఇనపళ్ళేదా?"
నాకు వినపడలేదు. ఆ మాట ఆయనకి చెప్పలేదు.
ఆయనా ఒక పదిహేడో నంబరు కార్డే.

పాత అయిదు రూపాయల బిళ్ళ, అంచు అరిగినది.
తట్టాను. టింగు. టింగు. టింగు.
కొస నుంచి జానెడు లోపల ఒకచోట
మోత కొంచెం
ఎలా చెప్పను,
తడిగుడ్డ కప్పిన గిన్నె మీద కొట్టినట్టు.
లేకపోతే నా చెవిలో నిద్రేమో.
మళ్ళీ తట్టాను. ఈసారి బాగానే ఉన్నట్టుంది.
"ఉన్నట్టుంది" అని రాయడానికి గడి లేదు.
రెండే గడులు: సరిగా ఉన్నది, సరిగా లేనిది.

పోయిన తనిఖీలో సత్తిరాజు రాసింది తీసి చూశాను.
"చూడబడినది." కింద సంతకం.
ఏది చూడబడిందో, ఎవరిచేతో.
నిరుడు ఈ పేరా గురించి కంపెనీకి ఉత్తరం రాశాను,
నలభై రోజులకి జవాబొచ్చింది:
"దయచేసి పదిహేడో నంబరు కార్డు చూడగలరు."

ఆరయింది. తొమ్మిదిమందీ బెంచీల మీద
లైఫ్‌జాకెట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.
ఒకాయన లేచొచ్చి "ఎంతసేపు పడుద్దండీ?" అన్నాడు.
"కాసేపు" అన్నాను.
అని, సిగ్గుపడ్డాను.

సరిగా లేనిది అన్న గడిలో గీత పెట్టి
పక్కన ఖాళీలో ఇరికించి రాశాను:
"కొస నుంచి తొమ్మిది అంగుళాలు.
రెండు వేళ్ళ వెడల్పు. మోత మొద్దుగా."
కొత్తగా చేరిన దీవెన నా భుజం మీంచి చదివి
"మొద్దుగా అంటే ఎలాగ సార్?" అంది.

బిళ్ళ తన చేతిలో పెట్టాను.
నా ముఖం చూసి కనిపెట్టకుండా అటు తిరిగి నిలబడ్డాను.
నా సుద్దగీత రెక్క అడుగువైపు ఉంది, తనకి కనపడదు.
టింగు. టింగు. టింగు. టింగు.
ఆగింది.
"ఇక్కడ సార్."

వంగి చూశాను.
నా గీతకి అంగుళమున్నర అవతల.

బయట ఎవరో టిఫిన్ డబ్బా మూత తీస్తున్న చప్పుడు.
అది మాత్రం ఇద్దరికీ ఒకేలా వినపడింది.
గీత తుడిచేశాను.
బిళ్ళ ఒక్కటే ఉంది.
"మొదటినుంచీ," అన్నాను. "ముందు నువ్వు."